బొమ్మ పడకపోతే ఎక్కడ వెతకాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ విద్యా పేజీలో ఈ మధ్య వరుసగా వస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల వార్తలను నేను వదలకుండా చదువుతున్నాను. మిరప ఆకు మీది తెగులును గుర్తుపట్టే కెమెరా, హెల్మెట్ పెట్టుకోని వాహనదారుణ్ని పట్టే కెమెరా, తరగతి గదిలో హాజరు వేసే కెమెరా, ఇలా ప్రాజెక్టు ఏదైనా అందులో ఒక కెమెరా ఉంటోంది. వార్తతో పాటు వేసే ఫొటోలో మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక ల్యాప్‌టాప్ కనిపిస్తుంది. ప్రాజెక్టు పేరులో ఉన్న ఆ చిన్న కంప్యూటరు బోర్డు పక్కన ఎక్కడో తీగలు తగిలించుకుని ఊరికే పడి ఉంటుంది. ఆ బోర్డు మీద బొమ్మ ఎందుకు పడలేదన్నదే ఈ ఉత్తరంలోని విషయం.

నేను ఇరవై ఏళ్లకు దగ్గరగా ఎంబెడెడ్ లినక్స్ మీద, అంటే పరికరాల లోపల ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లను నడిపే లినక్స్ మీద పనిచేస్తున్నవాణ్ని. కెమెరా డ్రైవర్లు, అంటే కెమెరాతో లినక్స్ మాట్లాడేందుకు వాడే ప్రోగ్రాములు, నాకు రోజూ అన్నం పెట్టే పని. గత కొన్నేళ్లుగా వేసవికి ముందు ఒకటి రెండు కళాశాలలకు ప్రాజెక్టు వైవా కోసం ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వెళ్తున్నాను. అక్కడ నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట, "ల్యాప్‌టాప్‌లో వచ్చింది సార్, బోర్డులో పెట్టాక కెమెరా పోయింది." అలా పోయాయని చెప్పిన కెమెరాల్లో నిజంగా చెడిపోయినవి నాకు తగిలినంతలో ఒకటో రెండో. మిగిలినవన్నీ బాగానే ఉన్నాయి. చిత్రం సెన్సారు దగ్గర బయలుదేరి తెర దాకా వచ్చే దారిలో ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందని అడిగితే మాత్రం జవాబు ఉండదు, ఎందుకంటే అటువంటి దారి ఒకటి ఉందని వారికి ఎవరూ చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు.

ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ కెమెరా మనల్ని మోసం చేస్తుందని అనను గానీ, గారాబం మాత్రం చేస్తుంది. సెన్సారు, అది ఇచ్చిన పచ్చి చిత్రాన్ని వండి రంగులు సరిచేసే భాగం, దాన్ని యూఎస్‌బీ తీగ మీదుగా పంపే భాగం అన్నీ ఆ చిన్న డబ్బాలోనే ఉంటాయి. తాను ఎవరో, ఏయే పరిమాణాల్లో, సెకనుకు ఎన్ని ఫ్రేములు ఇవ్వగలదో అడగగానే తానే చెప్పుకుంటుంది. యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ఈ ఒప్పందానికి సరిపడే డ్రైవరు 2008లో వచ్చిన 2.6.26 కెర్నల్ (హార్డ్‌వేరును నడిపే లినక్స్ మూలభాగం) నుంచి లినక్స్‌లో భాగంగానే వస్తోంది. అందుకే పైథాన్‌లో చిత్రాల పనికి వాడే ఓపెన్‌సీవీని పిలిచి, వీడియోక్యాప్చర్ అని రాసి బ్రాకెట్లో సున్నా వేస్తే చాలు, బొమ్మ పడుతుంది. ఆ సున్నా వెనుక కెర్నల్‌లో ఎంత యంత్రాంగం కదులుతోందో విద్యార్థికి తెలియవలసిన అవసరమే రాదు.

రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకు తగిలించే కెమెరా అలాంటిది కాదు. అది ఉత్త సెన్సారు. మన కళాశాలల్లో విరివిగా కనిపించే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు రెండో తరం కెమెరానే తీసుకుందాం. 2016లో వచ్చిన ఆ కెమెరాలో ఉన్నది సోనీ వారి ఐఎంఎక్స్219 అనే 80 లక్షల పిక్సెళ్ల సెన్సారు. దానికి రెండు రకాల తీగలు ఉంటాయి. ఐ2సీ అనే నెమ్మదైన జత మీద మనం దానికి ఆజ్ఞలు ఇస్తాం, ఇంత ఎక్స్‌పోజరు పెట్టు, ఇంత గెయిన్ పెట్టు, ఇక మొదలుపెట్టు అని. చిత్రం మాత్రం ఆ దారిన రాదు, సీఎస్ఐ-2 అనే వేగమైన లేన్ల మీద వస్తుంది. తాను ఎవరో ఈ సెన్సారు తనంతట చెప్పదు. ఏ ఐ2సీ చిరునామాలో ఉంది, దానికి గడియారం ఎవరిస్తారు, కరెంటు ఏ రెగ్యులేటరు నుంచి వస్తుంది, ఎన్ని లేన్లు వాడుతోంది అన్నవన్నీ డివైస్ ట్రీ అనే ఫైలులో మనమే రాసి కెర్నల్‌కు ఇవ్వాలి. ఆంధ్రలో అడంగల్ అన్నా తెలంగాణలో పహాణీ అన్నా, ఏ సర్వే నంబరులో ఏముందో చెప్పే కాగితం ఎలాంటిదో కెర్నల్‌కు డివైస్ ట్రీ అలాంటిది. కాగితం తప్పయినంత మాత్రాన పొలం మారదు, కానీ ఆఫీసువాడు కాగితాన్నే నమ్ముతాడు.

ఈ తరహా కెమెరాతో పనిచేసేవాడు డెల్టా కాలువ మీద లస్కరు చేసే పనే చేయాలి. చివరి ఆయకట్టుకు నీరు అందలేదని కబురు వస్తే లస్కరు ఆ చివరి పొలంలో నిలబడి ఆకాశం వంక చూడడు. హెడ్ స్లూయిస్ నుంచి బయలుదేరి, ఒక్కో లాకు, ఒక్కో తూము చూసుకుంటూ కిందికి వస్తాడు. బోర్డు మీద కాలువ ఇలా ఉంటుంది: సెన్సారు, ఆ తర్వాత సీఎస్ఐ రిసీవరు, ఆ తర్వాత చిత్రాన్ని వండే ఐఎస్పీ, ఆ తర్వాత మెమరీ, అక్కడి నుంచి వీడియోను కుదించే ఎన్‌కోడరు గానీ తెర గానీ. మన విద్యార్థులు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. చిట్టచివరి పైథాన్ ప్రోగ్రాములో నిలబడి దాన్నే పదిసార్లు మార్చి మార్చి నడుపుతారు.

పైనుంచి చూసుకుంటూ వస్తే మొదటి ప్రశ్న, సెన్సారు పలికిందా అని. ఐఎంఎక్స్219 డ్రైవరు లేవగానే సెన్సారుకు కరెంటు ఇచ్చి, 24 మెగాహెర్ట్జ్ గడియారం ఇచ్చి, రీసెట్ వదిలి, ఐ2సీలో 0x10 చిరునామాకు వెళ్లి "నీ పేరేమిటి" అని అడుగుతుంది. 0219 అని జవాబు వస్తేనే ముందుకు కదులుతుంది. ఆ జవాబు రాలేదంటే ఆ సంగతి కెర్నల్ తన చిట్టాలో రాసి పెడుతుంది. డీమెసెజ్ అని కొడితే ఆ చిట్టా తెర మీదికి వస్తుంది. అందులో మైనస్ 121 కనిపిస్తే ఆ చిరునామాలో ఎవరూ పలకలేదని అర్థం. రిబ్బన్ సరిగ్గా కూర్చోకపోవచ్చు, తిరగబడి ఉండవచ్చు, కరెంటు ఇవ్వకుండానే పిలిచి ఉండవచ్చు. మైనస్ 110 అయితే గడువులోగా పని పూర్తికాలేదని. మైనస్ 517 అయితే అది అసలు తప్పే కాదు. తనకు కావలసిన గడియారమో రెగ్యులేటరో ఇంకా సిద్ధం కాలేదు, తర్వాత మళ్లీ ప్రయత్నిస్తానని డ్రైవరు పక్కన కూర్చుంది. ఆ తర్వాత కూడా అది లేవకపోతే ఎవరి కోసం ఎదురుచూస్తోందో వెతకాలి గానీ, కెమెరాను కాదు. ఈ మూడు అంకెలు తెలిసిన విద్యార్థి, తెలియని విద్యార్థి కంటే కనీసం మూడు రోజులు ముందుంటాడు.

రెండో ప్రశ్న, సెన్సారు పంపిన చిత్రం రిసీవరుకు చేరిందా అని. ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పుకోవాలి, సిగ్గుపడుతూనే. చాలా ఏళ్ల కిందట ఒక బోర్డు మీద సెన్సారు పలికింది, డ్రైవరు లేచింది, మొదలుపెట్టమంటే సరేనంది, అయినా ఒక్క ఫ్రేమూ రాలేదు. బోర్డు మీద రెండు లేన్లే గీసి ఉండగా డివైస్ ట్రీలో నాలుగు అని రాసిన ఘనుణ్ని నేనే. రిసీవరేమో బోర్డు మీద లేని లేన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, నేను వారం రోజులు సెన్సారు కంపెనీని తిట్టుకున్నాను. ఇక్కడ లెక్క కుదరాలి. ఐఎంఎక్స్219కు లింక్ ఫ్రీక్వెన్సీ 456 మెగాహెర్ట్జ్. గడియారపు రెండు అంచుల మీదా బిట్లు వస్తాయి గనుక ఒక్కో లేన్‌కు సెకనుకు 912 మెగాబిట్లు, రెండు లేన్లకు 1824. పిక్సెల్‌కు 10 బిట్లు చొప్పున భాగిస్తే సెకనుకు 18 కోట్ల 24 లక్షల పిక్సెళ్లు. డ్రైవరు సోర్సులో పిక్సెల్ రేటు అని రాసి ఉండే అంకె సరిగ్గా ఇదే. ఎనిమిదో తరగతి గుణకార భాగహారాలతో తేలే ఈ లెక్కను ఒక్క ప్రాజెక్టు రిపోర్టులోనైనా చూస్తానేమోనని ఆశగా పేజీలు తిప్పుతాను. బదులుగా కృత్రిమ మేధ చరిత్ర పదిహేను పేజీలు కనిపిస్తుంది.

మూడోది తూముల మధ్య ఒప్పందం. లినక్స్‌లో వీడియో పట్టే వ్యవస్థకు వీడియో ఫర్ లినక్స్ టూ అని పేరు, పొట్టిగా వీ4ఎల్2 అంటారు. 2002లో ప్రధాన కెర్నల్‌లో చేరింది. అప్పటి టీవీ కార్డుల కాలానికి కెమెరా అంటే ఒక్క పరికరం, ఒక్క ఫైలు, వీడియో0. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక ఆ లెక్క చాలలేదు. ఒకే చిప్పులో రిసీవరు, ఐఎస్పీ, పరిమాణం మార్చే రీసైజరు విడివిడిగా ఉండి, వాటిని రకరకాలుగా కలుపుకునే వీలు వచ్చింది. 2009లో వచ్చిన నోకియా ఎన్900 ఫోను కెమెరా విషయంలో ఎదురైన అవసరం నుంచి మీడియా కంట్రోలరు అనే ఏర్పాటు పుట్టింది, 2011లో 2.6.39 కెర్నల్‌తో అది అందరికీ అందింది. అప్పటి నుంచి ఇలాంటి బోర్డుల మీద ప్రతి భాగమూ విడిగా కనిపిస్తుంది. మీడియా-సీటీఎల్ అనే చిన్న పనిముట్టుతో కాలువ మ్యాపు మొత్తం చూడవచ్చు, ఏ తూము తెరిచి ఉందో, ఏ తూము దగ్గర ఏ పరిమాణం, ఏ ఫార్మాటు పెట్టి ఉందో చదవవచ్చు. షరతు ఒక్కటే, పై తూము ఇచ్చేదీ కింది తూము తీసుకునేదీ ఒకటే కావాలి. సెన్సారు 1920 బై 1080 ఇస్తుంటే రిసీవరులో 640 బై 480 అని ఉంటే కెర్నల్ ఒప్పుకోదు. మొదలుపెట్టమన్న క్షణాన బ్రోకెన్ పైప్ అని తిప్పికొడుతుంది.

ఆ రెండు మాటలు చూసి ఒక బ్యాచ్ విద్యార్థులు రిబ్బన్ కేబుల్ తెగిపోయిందనుకుని కోఠికి వెళ్లి కొత్తది కొనుక్కొచ్చారు. వారిని చూసి నవ్వడం తేలిక. కానీ ఆ సందేశం రాసినవారు ఇంగ్లిష్ తెలిసినవారికి కూడా అర్థమయ్యేలా రాయలేదన్నది నా అభిప్రాయం. దాదాపు యాభై ఏళ్ల కిందటి యూనిక్స్ తప్పుల పట్టికలోంచి దగ్గరగా అనిపించిన పేరును తెచ్చి అతికించారు, అంతే. దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది. ఒకే యూఎస్‌బీ హబ్‌కు రెండు కెమెరాలు తగిలించి రెండింటినీ ఒకేసారి నడిపితే రెండోది నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అని మొరాయిస్తుంది. ఒక అబ్బాయి మెమరీ కార్డులో చోటు చాలలేదనుకుని తన నాలుగేళ్ల ల్యాబ్ రికార్డులన్నీ తుడిచేశాడు. చోటు లేనిది కార్డులో కాదు, యూఎస్‌బీ తీగ మీద. 640 బై 480 చిత్రం పిక్సెల్‌కు రెండు బైట్లు చొప్పున ఫ్రేముకు 6,14,400 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములంటే కోటీ 84 లక్షల బైట్లు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 6 కోట్ల బైట్లు మోయగలదు, కానీ వీడియోలాంటి గడువు ఉన్న రవాణాకు ముందుగా కేటాయించే వాటాకు పరిమితి ఉంది. పైగా చాలా కెమెరాలు తమకు అవసరమైన దానికంటే ఎక్కువ వాటా అడిగి కూర్చుంటాయి. పెళ్లి పంక్తిలో రుమాలు వేసి చోటు పట్టుకోవడం లాంటిది. పరిమాణం తగ్గించడమో, రెండో కెమెరాను వేరే కంట్రోలరు కింద ఉన్న పోర్టుకు మార్చడమో చేస్తే పని నడుస్తుంది. అదే 1920 బై 1080 చిత్రాన్ని కుదించకుండా 30 ఫ్రేములతో పంపాలంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల బైట్లు కావాలి, అది యూఎస్‌బీ 2.0 మీద ఎవరి తరమూ కాదు. ఈ లెక్క ముందే వేసుకుంటే కెమెరా కొనకముందే తెలిసేది.

నాలుగోది ఐఎస్పీ, అంటే వంట. సెన్సారు ఇచ్చే పచ్చి చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు ఒక్క రంగే ఉంటుంది, అందులోనూ సగం పిక్సెళ్లు ఆకుపచ్చవి. దాన్ని అలాగే తెర మీద పెడితే చీకటిగా, పాచి పట్టిన కోనేరులా కనిపిస్తుంది. అది చూసి కెమెరా వాపసు పంపినవారిని కూడా నేను ఎరుగుదును. తెలుపును తెలుపుగా చూపడం, వెలుతురును బట్టి ఎక్స్‌పోజరు సర్దడం నిరంతరం చేయడానికి ఒక సాఫ్ట్‌వేరు కావాలి. 2018 చివర్లో మొదలైన లిబ్‌కెమెరా ఆ పని కోసమే పుట్టింది. రాస్ప్‌బెర్రీ పై వారు 2021 నవంబరులో తమ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త తరానికి మార్చినప్పుడు పాత రాస్పిస్టిల్, రాస్పివిడ్ ఆజ్ఞలను పక్కన పెట్టి లిబ్‌కెమెరా దారి పట్టారు. మన విద్యార్థులు నెట్‌లో చూసే పాఠాల్లో, సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చే రిపోర్టుల్లో మాత్రం ఇప్పటికీ ఆ పాత ఆజ్ఞలే ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4లో పనిచేసిన హార్డ్‌వేర్ హెచ్.264 ఎన్‌కోడరు పేరును రాస్ప్‌బెర్రీ పై 5లో కొట్టి, దొరకడం లేదని కంగారు పడతారు. పై 5 చిప్పులో ఆ ఎన్‌కోడరు లేనే లేదు, అక్కడ ప్రాసెసరే ఆ భారం మోయాలి. ఇంకో చిన్న సంగతి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే పాతకాలపు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరాలో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ అనే సెట్టింగు 60 మీద ఉండిపోతే బొమ్మ మీద చారలు కదులుతూ ఉంటాయి. దాన్ని 50కి మార్చడం ఒక్క ఆజ్ఞ పని. ఆ చారల కోసం, బొమ్మలను గుర్తుపట్టే కృత్రిమ మేధ మోడలుకు మళ్లీ శిక్షణ ఇచ్చిన జట్టును చూశాక ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

ఇక మెమరీ దగ్గర జరిగేది మన వీధి కుళాయి దగ్గర జరిగే పనే. ప్రోగ్రాము ముందుగా కొన్ని ఖాళీ బిందెలను, అంటే బఫర్లను, వరుసలో పెడుతుంది. డ్రైవరు ఒక్కోటి నింపి ఇస్తుంది. మనం నిండిన బిందె తీసుకుని, వాడుకుని, ఖాళీ చేసి మళ్లీ వరుసలో పెట్టాలి. తిరిగి పెట్టడం ఆలస్యమైతే కుళాయి ఆగదు, నీరు పోతుంది, అంటే ఫ్రేములు పోతాయి. పోయినా ఫరవాలేదు, అసలు ప్రమాదం వేరే ఉంది. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తుంటే విద్యార్థి మోడలు సెకనుకు 5 మాత్రమే చూడగలదనుకుందాం. వరుసలో నాలుగు బిందెలు పెట్టామంటే అవి ఎప్పుడూ నిండే ఉంటాయి, మనం తీసుకునేది ఎప్పుడూ వరుసలో పాతదే. అంటే మోడలు చూస్తున్నది సుమారు ముప్పావు సెకను కిందటి లోకం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ ముప్పావు సెకనులో 12 మీటర్లు దాటిపోతుంది. జీబ్రా గీత మీద ఉన్నాడని కెమెరా చెప్పిన మనిషి అప్పటికే అవతలి ఫుట్‌పాత్ ఎక్కి ఉండవచ్చు. వాహనాలకు జరిమానా వేసే ప్రాజెక్టు చేసినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న మోడలు ఖచ్చితత్వం గురించి కాదు, వరుసలో ఎన్ని బఫర్లు పెట్టారని. వీడియోను దశలవారీగా నడిపే జీస్ట్రీమర్ వాడేవారైతే మధ్యలో క్యూ పెట్టి, పాత ఫ్రేములను వదిలేయమని దానికి చెప్పవచ్చు. బఫర్లను భాగాల మధ్య పంచుకునే డీఎంఏ-బఫ్ వాడితే అదే బిందెను కాపీ చేయకుండా ఎన్‌కోడరుకు అందించవచ్చు. ఈ రెండు సంగతులూ చిన్న బోర్డు మీద ప్రాజెక్టు నడవడానికీ నడవకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

విద్యార్థుల చేతిలో లేని ఇబ్బంది కూడా ఒకటి ఉంది, దాన్ని దాచను. చవకగా దొరికే చాలా బోర్డులతో తయారీదారు ఇచ్చేది ప్రధాన కెర్నల్ కాదు, ఏళ్ల కిందటి ఒక కెర్నల్‌ను పట్టుకుని తమకు తోచినట్టు మార్చిన సొంత కూర్పు. నేను గతంలో పనిచేసిన ఒక చోట అలాంటి బోర్డులు పెద్ద సంఖ్యలో కొన్నాం. కెమెరా డ్రైవరు ఆ ఒక్క పాత కెర్నల్‌లోనే కంపైలవుతుంది. లోపల వందల కొద్దీ రిజిస్టరు అంకెలు పట్టికగా ఉంటాయి, ఏ అంకె ఎందుకో ఒక్క వ్యాఖ్య కూడా ఉండదు. సెన్సారు డేటాషీటు కావాలంటే రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి. రెండేళ్లకు తయారీదారు ఉత్తరాలకు బదులివ్వడం మానేశాడు. ఆ డ్రైవరును మొదటి నుంచి తిరగరాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది గనుక, బోర్డుతో పాటు కెర్నల్‌ను ఇచ్చినవాడు అడిగితే దాని సోర్సు ఇవ్వవలసిందే. అడగడం మనకు అలవాటు లేదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ సీసీటీవీ కెమెరాలకు 2024లో భద్రతా నిబంధనలు ప్రకటించి 2025 నుంచి అమలు చేస్తోంది కాబట్టి, కెమెరా లోపలి సాఫ్ట్‌వేరు ఏమిటన్న ప్రశ్నకు ఇప్పుడైనా విలువ వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల మీద, బస్టాండ్లలో, పోలీసు స్టేషన్లలో కెమెరాలు కొనే శాఖలు టెండరులో ఒక వాక్యం చేర్చితే చాలు, ఈ సెన్సారుకు, ఈ చిప్పుకు ప్రధాన కెర్నల్‌లో డ్రైవరు ఉందా లేదా అని. ఉన్నదైతే తయారీదారు చేతులెత్తేసినా మన హైదరాబాదులోనే దాన్ని నడపగలిగే ఇంజినీర్లు బోలెడుమంది ఉన్నారు.

కళాశాలల సంగతికి వస్తాను. ఇవన్నీ నేర్పాలంటే బోర్డులు కొనాలి, డబ్బు లేదు అన్న జవాబు వస్తుందని నాకు తెలుసు. ఆ జవాబుకు అవకాశం లేకుండా లినక్స్‌లోనే రెండు ఉత్తుత్తి కెమెరాలు ఉన్నాయి. వివిడ్ అనేది ఏ హార్డ్‌వేరూ లేకుండా రంగుల పట్టీల బొమ్మను తయారుచేసి, నిజమైన కెమెరాలాగే ఇచ్చే డ్రైవరు. 2014 నుంచి కెర్నల్‌లో ఉంది. విమ్‌సీ అనేది అలాగే సెన్సారు నుంచి మెమరీ దాకా ఉండే మొత్తం కాలువను మీడియా కంట్రోలరుతో సహా అనుకరిస్తుంది. ల్యాబ్‌లో ఉన్న పాత డెస్క్‌టాపు కంప్యూటరు మీద ఉబుంటు వేసి, ఒక్క ఆజ్ఞతో వీటిని లేపి, కావాలని ఒక తూము దగ్గర పరిమాణం తప్పుగా పెట్టి, బ్రోకెన్ పైప్ తెప్పించి, అది ఎందుకు వచ్చిందో కనుక్కోమని ఒక ల్యాబ్ పరీక్షగా ఇవ్వవచ్చు. ఖర్చు ఒక మధ్యాహ్నం. 8086 అనే పాత ప్రాసెసరు మీద రెండు అంకెలు కూడే ప్రయోగం పక్కన ఇది కూడా ఒకటి ఉంటే సిలబస్ బరువెక్కిపోదు. ఆ ప్రయోగాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు, అది చేసే నేనూ ఈ పనిలోకి వచ్చాను.

ఒక చిన్న అనుభవం చెప్పి ఈ భాగం వదిలేస్తాను. గత ఏడాది ఒక కళాశాలలో ఒక జట్టుకు ఈ కాలువ కథంతా తెలుగులో, బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. వారికి చెప్పే పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే, నాకూ అలవాటు ఇంగ్లిష్‌లోనే, అయినా ఎందుకో ఆ రోజు తెలుగు నోటికి వచ్చింది. గంట గడిచాక అప్పటిదాకా మాట్లాడని అమ్మాయి ఒకరు, "అయితే సార్, మా సెన్సారు పలికింది, రిసీవరు తీసుకుంది, వంట దగ్గర ఆగింది" అంది. చూస్తే నిజమే. ఐఎస్పీకి చిత్రం వెళ్లే తూము తెరవలేదు. మీడియా-సీటీఎల్‌తో ఆ ఒక్క లింకు కలిపితే బొమ్మ పడింది. ఆ తప్పును ఆమె కనుక్కుంది, నేను కాదు.

మీ పత్రికను కోరేది రెండు విషయాలు. ప్రాజెక్టుల వార్త రాసే మీ విలేకరులు, అది ల్యాప్‌టాప్ మీద నడిచిందా, బోర్డు మీద నడిచిందా అని ఒక్క మాట అడిగి ఆ సంగతి కూడా వార్తలో రాయాలి. అలాగే మీ విద్యా పేజీలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకుల విశ్లేషణకు ఇచ్చే చోటులో ఎప్పుడైనా సగం, డీమెసెజ్ చదవడం ఎలాగన్న దానికి ఇవ్వాలి. రాసేవారు దొరకకపోతే నేను రాస్తాను.

వచ్చే వేసవికి ముందు నేను మళ్లీ వైవాకు వెళ్లవలసి ఉంది. ఎక్కడ ఆగిందో రాసిన కాగితం, దానికి ఆధారంగా డీమెసెజ్‌లోని వరుసలు, మీడియా-సీటీఎల్ ఇచ్చిన మ్యాపు పట్టుకుని వచ్చిన జట్టుకు తెర మీద బొమ్మ పడకపోయినా నేను మంచి మార్కులు వేస్తాను. ఆ కళాశాలల విద్యార్థులు ఈ ఉత్తరం చదివితే ముందే తెలుసుకుంటారని ఇక్కడే చెబుతున్నాను.

భవదీయుడు,
ఒక ఎంబెడెడ్ లినక్స్ ఇంజినీరు,
హైదరాబాదు